గంజాయి గొడవలో ఎవరు ఏ ప్రశ్నకి జవాబు చెప్పారు?

బెంగళూరులో నలుగురు తెలుగోళ్ళు ఒక ఫ్లాట్‌లో ఉంటే శనివారం రాత్రి బిర్యానీ అయ్యాక ఏదో ఒక టైంలో గంజాయి టాపిక్ వచ్చి తీరుతుంది. తాగేవాడు ఒక్కడు లేకపోయినా వస్తుంది. ఒకడు "శివుడి ప్రసాదం మామా అది, బ్రిటిషోడొచ్చి బ్యాన్ చేసాడు" అంటాడు, ఇంకోడు "అమెరికాలో కేన్సర్ పేషెంట్లకి ఇస్తున్నారు, మనోళ్ళకే తెలివి లేదు" అంటాడు, మూడోవాడు "మా జూనియర్ ఒకడు దానివల్లే పిచ్చోడైపోయి ఊరెళ్ళిపోయాడు రా" అంటాడు, ఇక తెల్లారేదాకా అదే గోల. నిజానికి ఈ ముగ్గురూ మాట్లాడేది మూడు వేరే విషయాల గురించి. ఆ మొక్కలో మందు ఉందా అనేది ఒకటి, వాడినోడిని జైల్లో వెయ్యాలా అనేది ఇంకోటి, వాడితే బుర్రకి ఏమవుతుంది అనేది మూడోది. గంజాయి చరిత్రలో పేరున్నోళ్ళు ఎక్కువమంది వీటిలో ఏదో ఒకదాని మీదే పనిచేసారు. మనం ఒకళ్ళ జవాబు తెచ్చి ఇంకో ప్రశ్నకి అతికించేస్తాం, అక్కడే మొత్తం చిక్కుపడుతుంది.

ముందు ఆ బ్రిటిషోడి సంగతి తేల్చేద్దాం. మన దేశంలో గంజాయిని బ్యాన్ చేసింది బ్రిటిషోళ్ళు కాదు. వాళ్ళు లైసెన్సులిచ్చి, షాపులు వేలం వేసి, పన్ను వసూలు చేసుకున్నారు. ఇంకా చెప్పాలంటే ఇంగ్లీషు వైద్యంలోకి గంజాయిని తీసుకెళ్ళిందే ఈస్ట్ ఇండియా కంపెనీ డాక్టర్ ఒకాయన, పేరు విలియం బ్రూక్ ఓషానెసీ. ఐర్లండ్ మనిషి, 1809లో పుట్టాడు, 1833లో కలకత్తా వచ్చాడు, కొత్తగా పెట్టిన కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఇక్కడికి రాకముందే కలరా రోగుల రక్తం పరీక్ష చేసి, ఒంట్లోంచి నీళ్ళూ ఉప్పూ పోవడమే అసలు సమస్య అని చెప్పినవాడు, ఇవాళ మనకి ఎక్కించే సెలైన్‌కి దారి చూపించిన వాళ్ళలో ఒకడు. తర్వాత రోజుల్లో కలకత్తా నించి ఆగ్రా, బొంబాయి, మద్రాసులకి టెలిగ్రాఫ్ తీగలు వేయించిందీ ఈయనే. మామూలు బుర్ర కాదు.

ఆయన ఇక్కడి పండితుల్నీ హకీముల్నీ అడిగి, పాత గ్రంథాల్లో ఏముందో రాబట్టుకుని, ముందు జంతువుల మీద చూసాడు. 1839లో అచ్చేసిన పేపర్‌లో ఒక కుక్క కథ ఉంటుంది. నేపాల్ చరస్ (గంజాయి జిగురు) పది గ్రెయిన్లు, అంటే అర గ్రాము పైచిలుకు, స్పిరిట్‌లో కలిపి ఇచ్చాడు. అరగంటకి ఆ కుక్క మత్తుగా జోగుతూ, మధ్యలో ఉలిక్కిపడి లేస్తూ, మహా తృప్తిగా తోకాడిస్తూ, పెట్టిన తిండి ఆబగా తినేసి, పిలిస్తే తూలుకుంటూ వచ్చింది, ఆరు గంటల తర్వాత మళ్ళీ మామూలుగా హుషారుగా తిరిగింది అని రాసాడు. తర్వాత మనుషుల మీద. కీళ్ళ నొప్పులు, కలరా, ధనుర్వాతం, పసిపిల్లల ఫిట్స్, కుక్క కాటు. కుక్క కాటు రోగి బతకలేదు, కానీ చివరి గంటల్లో బాధ తగ్గి నీళ్ళు మింగగలిగాడని రాసాడు. ఆ కేసులో రోగం తగ్గిందని గొప్పలు చెప్పుకోలేదు, బాధ తగ్గిందని మాత్రమే రాసాడు. నాకు ఈయన మీద గౌరవం అక్కడే.

ఈయన ద్వారా మందు లండన్ చేరింది, అక్కణ్ణించి అమెరికా ఫార్మకోపియాలోకి, అంటే అధికారిక మందుల జాబితాలోకి ఎక్కి 1942 దాకా అందులోనే ఉంది. విక్టోరియా మహారాణి నెలసరి నొప్పికి గంజాయి వాడింది అని వాట్సాప్‌లో తిరిగే కథ కూడా ఇక్కడ పుట్టిందే. ఆమె డాక్టర్ రస్సెల్ రేనాల్డ్స్ 1890లో ఈ మందుని మెచ్చుకుంటూ రాసిన మాట నిజమే, కానీ రాణిగారికి ఇచ్చినట్టు రుజువు ఎక్కడా లేదు. మరి అంత మంచి మందు ఎందుకు మూలపడిందంటే, పెద్ద కుట్ర కన్నా చిన్న కారణాలే ముందు కనిపిస్తాయి. ఒక సీసాకీ ఇంకో సీసాకీ పవర్ తేడా, ఒకడికి ఏమీ ఎక్కదు, ఇంకోడికి అదే డోసుకి కళ్ళు తిరుగుతాయి. పైగా అది నీళ్ళలో కరగదు, అప్పుడే ఇంజెక్షన్ సూది వచ్చింది, మార్ఫిన్ అందులో ఎక్కించొచ్చు, దీన్ని ఎక్కించలేరు. డాక్టర్లు ఏది పట్టుకుంటారో చెప్పక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న, అంటే జైలు సంగతి. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో అడిగారు, ఇండియాలో జనం గంజాయి తాగి చెడిపోతున్నారు, పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయి, మీరేమో పన్ను తింటున్నారు అని. దాంతో ఒక కమిషన్ వేసారు, మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు, మెంబర్లలో మనోళ్ళూ ఉన్నారు. ఊరూరూ తిరిగి 1193 మంది సాక్ష్యం తీసుకుని, మూడువేల పేజీలు దాటిన రిపోర్టు ఇచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ సాక్ష్యాల్లో మన ఊళ్ళు కూడా తగుల్తాయి, బాపట్ల వైపు దగ్గుబాడు ఆ రోజుల్లో గంజాయి పంటకి పేరున్న చోటు. ఇవాళ అక్కడ అడిగితే కొడతారేమో.

ఈ కమిషన్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగెయ్యడం. మద్రాసులో, ఇప్పటి చెన్నై కీల్పాక్‌లో ఉన్న పెద్దాసుపత్రి లాంటివి అప్పటికే దేశమంతా ఉన్నాయి. రోగిని చేర్చుకునేప్పుడు ఒక ఫారం నింపుతారు, అందులో పిచ్చికి కారణం అని ఒక గడి. ఆ గడిలో చాలాసార్లు గంజాయి అని రాసి ఉంది, ఆ లెక్కే పార్లమెంటు దాకా వెళ్ళింది. సరే ఎవరు రాసారు అని చూస్తే, రోగిని పట్టుకొచ్చిన పోలీసో మేజిస్ట్రేటో. కుటుంబం ఎవరో తెలీదు, ఎప్పట్నించి ఇలా ఉన్నాడో తెలీదు, గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి గంజాయి అని రాసేసారు, ఆసుపత్రిలో గుమాస్తా దాన్నే రిజిస్టర్‌లో ఎక్కించాడు. కమిషన్ 1892లో చేరిన కేసుల్ని ఒక్కొక్కటీ మళ్ళీ విచారిస్తే చాలావాటికి ఆధారమే నిలబడలేదు. మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదు, మితిమీరితే హాని ఉంది, ముఖ్యంగా ముందే మనసు బలహీనంగా ఉన్నవాళ్ళకి, బ్యాన్ మాత్రం వద్దు, పన్ను వేసి కట్టడి చెయ్యండి అని 1894లో తేల్చారు. సర్కారుకి ఆ పన్ను డబ్బులు కావాలి అనేది కూడా మర్చిపోకూడదు, తీర్పు ఎటొస్తే వాళ్ళకి లాభమో తెలిసిందే. అయినా ఆ విచారణలో శ్రద్ధ మాత్రం నిజం.

తర్వాత కథ జెనీవా వెళ్ళింది. 1924-25లో నల్లమందు మీద సమావేశం జరుగుతుంటే ఈజిప్టు ప్రతినిధి మొహమ్మద్ ఎల్ గిందీ లేచి గంజాయి జిగురైన హషీష్‌ని కూడా లిస్టులో కలపమని పట్టుబట్టాడు, అప్పట్నించి అది అంతర్జాతీయ ఒప్పందాల్లోకి వచ్చింది. అమెరికాలో హ్యారీ ఆన్‌స్లింగర్ 1930 నించి 1962 దాకా నార్కోటిక్స్ బ్యూరో బాస్‌గా కూర్చుని, పేపర్లకి హత్యల కథలు అందించి, గంజాయి మీద 1937 చట్టం తెప్పించాడు. ఆ విచారణలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున వచ్చిన విలియం వుడ్‌వర్డ్ అడ్డం చెప్పాడు, ఎవరూ వినలేదు. న్యూయార్క్ మేయర్ లాగార్డియా కమిటీ వేయించి 1944లో రిపోర్టు తెప్పించాడు, నిక్సన్ తనే వేసిన షేఫర్ కమిషన్ 1972లో ఇంకో రిపోర్టు ఇచ్చింది, రెండూ భయం ఎక్కువ చేసి చెప్తున్నారు అనే అన్నాయి, రెండూ బీరువాలోకి వెళ్ళాయి. కాయితం కంపెనీలూ పేపర్ యజమానులూ కలిసి కుట్ర చేసి జనపనార లాంటి ఈ పంటని చంపేసారు అని జాక్ హెరర్ 1985లో పుస్తకం వేసి బాగా పాపులర్ చేసాడు, మన యూట్యూబ్ వాళ్ళు ఇప్పటికీ అదే చదువుతారు. ఉద్యమానికి ఊపు తెచ్చాడు, ఒప్పుకోవాలి, కానీ ఆ కుట్రకి గట్టి ఆధారం చరిత్రకారులకి దొరకలేదు.

మన దగ్గర బ్యాన్ వచ్చింది 1985లో. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో సంతకం పెట్టాం, సంప్రదాయంగా వాడే దేశాలకి పాతికేళ్ళ గడువిచ్చారు, ఆకుని మాత్రం నిర్వచనంలోంచి వదిలేసారు. గడువు దగ్గర పడుతుంటే రాజీవ్ గాంధీ హయాంలో మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చారు, నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. పూత కొమ్మ గంజాయి, జిగురు చరస్, రెండూ నేరం. పూత లేకుండా ఉత్త ఆకు, గింజ అయితే ఈ చట్టం కిందకి రావు. భంగ్ బతికి ఉంది అందుకే. 2022లో మన బెంగళూరు బేగూరు పోలీసులు ఒకతని దగ్గర 29 కేజీల భంగ్, 400 గ్రాముల గంజాయి పట్టుకుంటే, కర్ణాటక హైకోర్టు భంగ్ ఎన్‌డీపీఎస్ కిందకి రాదు, ఉత్తరాదిన లస్సీ షాపుల్లో అమ్ముతారు అని బెయిల్ ఇచ్చింది. 400 గ్రాముల సంగతేంటంటే, కేజీ లోపు చిన్న మొత్తం కిందే లెక్క. అంతే తప్ప బెంగళూరులో గంజాయి లీగల్ అయిపోయిందని కాదు, అప్పట్లో కొన్ని గ్రూపుల్లో అలాగే సంబరపడ్డారు.

సరే, మందు ప్రశ్నకి తిరిగొద్దాం. ఓషానెసీ కాలం నించి అడ్డంపడ్డ విషయం ఒకటే, అందులో పనిచేసే పదార్థం ఏదో తెలీకపోవడం. నల్లమందులోంచి మార్ఫిన్, కోకా ఆకులోంచి కొకైన్ 19వ శతాబ్దంలోనే తీసేసారు, గంజాయి మాత్రం జిగురు జిగురుగా లొంగలేదు. 1940లో ఇల్లినాయ్‌లో రోజర్ ఆడమ్స్ అందులోంచి సీబీడీ అనే మత్తెక్కించని పదార్థం వేరు చేసాడు. అసలు మత్తుది తేల్చింది ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషౌలం. బల్గేరియాలో 1930లో పుట్టిన యూదు కుటుంబం పిల్లాడు, యుద్ధం తర్వాత వలస వెళ్ళాడు. వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాక పోలీసుల దగ్గరికి వెళ్ళి, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న లెబనాన్ హషీష్ 5 కేజీలు అడిగి, కాఫీ తాగి, రసీదు మీద సంతకం పెట్టి, సంచీలో వేసుకుని బస్సెక్కాడు. బస్సులో వాళ్ళు ఏంటండీ ఈ వాసన అని అడిగారట. ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలని తర్వాత తెలిసింది, అంటే రూల్ ప్రకారం పోలీసులూ ఆయనా ఇద్దరూ తప్పు చేసినట్టే, వెళ్ళి సారీ చెప్పి బయటపడ్డాడు.

1963లో సీబీడీ నిర్మాణం, 1964లో యెహియెల్ గావోనితో కలిసి అసలు మత్తెక్కించే టీహెచ్‌సీ. పనిచేస్తుందో లేదో చూడ్డానికి భార్య చేసిన కేకులో కలిపి స్నేహితులకి పెట్టాడు, సగం మందికే టీహెచ్‌సీ ముక్క. తిన్నవాళ్ళలో ఒకరు నాకేం అవ్వట్లేదు అంటూ ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు, ఒకరు నవ్వుతూనే ఉన్నారు, ఒకరికి ఆందోళన పట్టుకుంది. ఒకే డోసు, ఒకే కేకు, మనిషికో రకం. అంతకుముందు అమెరికా ఆరోగ్య సంస్థకి గ్రాంటు కోసం రాస్తే ఇది మాకు సంబంధం లేని సమస్య అన్నారు, ఏడాది తిరక్కుండా వాళ్ళే ఫోన్ చేసారు, ఒక సెనేటర్ కొడుకు తాగుతూ దొరికాడట, నాన్నగారికి కంగారు పుట్టింది. ఇదంతా మెషౌలం తనే చెప్పుకున్న కథ. 1988లో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ మెదడులో టీహెచ్‌సీ వెళ్ళి పట్టుకునే రిసెప్టర్ చూపించారు. మొక్క కోసం మన మెదడు గడి పెట్టుకోదు కదా, ఒంట్లోనే అలాంటిది తయారవ్వాలి అని వెతికితే 1992లో మెషౌలం ల్యాబ్‌లో డివేన్, లూమిర్ హనుష్ దొరకబట్టారు, ఆనందమైడ్ అని పేరెట్టారు. నొప్పి, ఆకలి, జ్ఞాపకం, భయం ఇవన్నీ సర్దే వ్యవస్థ ఒకటి ఒంట్లో ఉందని అలా బయటపడింది. మెషౌలం 2023 మార్చిలో 92 ఏళ్ళకి పోయాడు, చివరిదాకా ఆయన గోల ఒకటే, క్లినికల్ ట్రయల్స్ చెయ్యండయ్యా అని. మత్తుకి లీగల్ చెయ్యమని జెండా పట్టుకున్న మనిషి కాదు. ఆయన ఫొటో పెట్టి దమ్ము కొట్టమని మీమ్స్ వేసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

జెండా పట్టుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది రోగులూ రోగుల మనుషులే. రాబర్ట్ రాండాల్ అని వాషింగ్టన్‌లో గ్లాకోమా రోగి, చూపు పోతుందని డాక్టర్లు చెప్పేసారు, గంజాయి తాగితే కంటి ఒత్తిడి తగ్గుతోందని ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకుంటే 1975లో అరెస్ట్ చేసారు. నాకు వైద్య అవసరం అని వాదించి 1976లో కేసు గెలిచాడు, ఆ తర్వాత అమెరికా ప్రభుత్వమే మిసిసిపీ యూనివర్సిటీ తోటలో పండించి, సిగరెట్లు చుట్టి, డబ్బాల్లో ఆయనకి పంపింది. ఒక చేత్తో దీనికి వైద్య విలువ సున్నా అని షెడ్యూల్ 1 అనే నిషేధ జాబితాలో పెట్టి, ఇంకో చేత్తో మందుగా పార్శిల్. శాన్‌ఫ్రాన్సిస్కోలో మేరీ జేన్ రాత్‌బన్ అనే పెద్దావిడ, హోటల్లో సర్వర్‌గా పనిచేసినావిడ, గంజాయి బ్రౌనీలు అమ్ముతూ 1981లో దొరికింది, కోర్టు సమాజ సేవ శిక్ష వేసింది, ఆ సేవ ఆవిణ్ణి ఎయిడ్స్ రోగుల దగ్గరికి చేర్చింది, ఇక వాళ్ళకి ఆకలి పుట్టించడానికి మళ్ళీ బ్రౌనీలు. ఆవిడ నేస్తం డెనిస్ పెరాన్, వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు, భాగస్వామి జోనథన్ వెస్ట్ 1990లో ఎయిడ్స్‌తో పోయాడు. పెరాన్ కష్టం మీదే 1996లో కాలిఫోర్నియా ప్రపోజిషన్ 215 గెలిచి మెడికల్ గంజాయి లీగల్ అయింది. తమాషా ఏంటంటే ఇరవై ఏళ్ళ తర్వాత అదే రాష్ట్రంలో సరదాకి వాడకం లీగల్ చేసే ఓటింగ్ వస్తే ఈయన వద్దన్నాడు.

మూడో ప్రశ్న మీద మాత్రం ఉద్యమకారులు తడబడతారు. హార్వర్డ్ సైకియాట్రిస్ట్ లెస్టర్ గ్రిన్‌స్పూన్ 1967లో దీని ప్రమాదాలు రాద్దామని కూర్చుని, చదివేకొద్దీ మనసు మారి 1971లో దాన్ని సమర్థిస్తూ పుస్తకం తెచ్చాడు, ఆయన కొడుక్కి లుకేమియా కీమో వాంతులు దీనితోనే తగ్గాయి కూడా. కానీ 1987లో స్వీడన్‌లో ఆండ్రియాసన్ బృందం 45 వేలకి పైగా మిలిటరీ కుర్రాళ్ళని పదిహేనేళ్ళు గమనిస్తే, యాభై సార్లకి మించి వాడినోళ్ళలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనిపించింది. 2019లో మార్తా డి ఫోర్టీ బృందం యూరప్‌తో పాటు బ్రెజిల్‌లోనూ చూసింది, పది శాతం, ఆ పైన టీహెచ్‌సీ ఉన్న ఘాటు సరుకు రోజూ వాడేవాళ్ళకి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలీని జబ్బు) దాదాపు అయిదు రెట్లు. ముందే లోపల ఏదో ఉన్నవాళ్ళే ఎక్కువ వాడతారేమో అనే వాదన ఇంకా నడుస్తోంది, కానీ టీనేజ్‌లో మొదలెట్టి రోజూ వాడేవాడికి రిస్క్ లేదు అనే డాక్టర్ కష్టం. 1894 కమిషన్ చూసిన గంజాయి వేరు, ఇవాళ టీహెచ్‌సీ పెంచి పెంచి పండించేది వేరు. కాబట్టి మన ఫ్లాట్‌లో మూడోవాడి జూనియర్ కథని ఉత్త పుకారు అని కొట్టిపారెయ్యలేం.

అలాగని రిస్క్ ఉంది కాబట్టి జైలే కరెక్ట్ అనీ తేలదు. చట్టం ఎవరి మెడకి చుట్టుకుంటోందో చూడండి. గంజాయి 20 కేజీలు దాటితే కమర్షియల్, పది నించి ఇరవై ఏళ్ళు, బెయిల్ రావడం మహా కష్టం. అల్లూరి జిల్లా ఏజెన్సీ నించి బెంగళూరుకో చెన్నైకో బ్యాగు మోసేది ఎక్కువగా డబ్బులు లేని కుర్రాళ్ళు, స్టేషన్లో దొరికేదీ వాళ్ళే, సరుకు అసలు యజమాని ప్లాట్‌ఫాం మీదకి రాడు. ఇక్కడ కోరమంగళలోనేమో 2020లో గంజాయి ఆకు మందుల క్లినిక్ రిబ్బన్ కటింగ్ జరిగింది, అది చట్టబద్ధమే. అదే ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి కఠినమైన నాలుగో షెడ్యూల్లోంచి తియ్యాలా అని ఓటింగ్ పెడితే 27-25తో గెలిచింది, ఆ 27లో ఇండియా ఒకటి.

ఆ ఆకు మందుల దగ్గరే చాలామంది మనోళ్ళు దెబ్బతింటున్నారు, అందుకే కొంచెం ఆగి చెప్తా. కొలరాడోలో షార్లట్ ఫిగీ అనే పాపకి ద్రావే సిండ్రోమ్, వారానికి వందల్లో ఫిట్స్, ఏ మందుకీ లొంగలేదు. సీబీడీ ఎక్కువ, టీహెచ్‌సీ తక్కువ ఉన్న నూనెతో బాగా తగ్గాయని 2013లో సీఎన్‌ఎన్‌లో సంజయ్ గుప్తా చూపించాక ప్రపంచమంతా సీబీడీ గోల మొదలైంది. ఒక పాప కథ రుజువు కాదు, అది ట్రయల్‌తోనే తేలాలి. 1980లోనే మెషౌలం, బ్రెజిల్ డాక్టర్ కార్లీని కలిసి చిన్న ట్రయల్ చేసి ఫిట్స్ తగ్గుతున్నాయని చెప్పినా ముప్పై ఏళ్ళకి పైగా ఎవడూ పట్టించుకోలేదు. చివరికి 2017లో ఓరిన్ డెవిన్‌స్కీ బృందం 120 మంది పిల్లల మీద ట్రయల్ అచ్చేసింది, సీబీడీ ఇచ్చినవాళ్ళకి ఫిట్స్ నెలకి 12.4 నించి 5.9కి తగ్గాయి, ఉత్త నూనె ఇచ్చినవాళ్ళకి 14.9 నించి 14.1. తర్వాతి ఏడాది అమెరికాలో ఎపిడియోలెక్స్ పేరుతో మందుగా ఒప్పుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ట్రయల్లో డోసు రోజుకి కేజీ బరువుకి 20 మిల్లీగ్రాములు. మీ అక్క కొడుకు 20 కేజీలున్నాడనుకుందాం, రోజుకి 400 మిల్లీగ్రాముల శుద్ధమైన సీబీడీ కావాలి. ఇన్‌స్టాలో కనబడే 30 ఎంఎల్ సీసా మీద మొత్తం 1000 మిల్లీగ్రాములు అని ఉంటే అది రెండున్నర రోజులకే అయిపోతుంది, రోజుకి నాలుగు చుక్కలు నాలుక కింద వెయ్యండి అని రాసింది ఆ ట్రయల్ డోసుకి దగ్గర్లోకి కూడా రాదు. పైగా ఆ 1000 సీబీడీదా, మొత్తం ఆకు సారానిదా అనేది లేబుల్ మీద విడిగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అడగాలి, ల్యాబ్ రిపోర్ట్ చూపించమనాలి. ఇంకో మాట, ట్రయల్లో పిల్లల పాత ఫిట్స్ మందులు ఆపలేదు, వాటికి తోడుగానే సీబీడీ ఇచ్చారు, వాల్‌ప్రొయేట్ వాడుతున్న పిల్లల్లో లివర్ ఎంజైములు పెరిగాయి కూడా. అందుకని ఇది మొదలెట్టేముందు న్యూరాలజిస్ట్‌కి చెప్పాలి, పాత మాత్ర మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.